సందర్భం ఎవరి సొత్తు? తెలియని మాటకు అర్థం ఊహించమనే బోధన మీద కొన్ని ప్రశ్నలు

"తెలియని మాట వస్తే ఆగొద్దు. చుట్టూ ఉన్న మాటల్ని చూసి అర్థం ఊహించండి." ఇంగ్లీషు టీచర్ల శిక్షణ పుస్తకాల్లో, వర్క్‌షాపుల్లో, పాఠం వెనకాల ఇచ్చే అభ్యాసాల్లో ఈ సలహా కనిపించని చోటు లేదు. చదవడం నేర్పేవాళ్లకి ఇదొక మంత్రమైపోయింది. నేనూ దీన్నే నేర్చుకున్నాను. మూడేళ్లుగా గచ్చిబౌలి వెనక ఒక బస్తీలో సాయంత్రం పూట పిల్లలకు ఇదే చెప్తూ వచ్చాను. ఈ వ్యాసం ఆ సలహా మీద విమర్శ. కాబట్టి నా మీద నేను చేసుకుంటున్న విమర్శ కూడా.

ముందు నా సంగతి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. డిగ్రీ దాకా తెలుగు మీడియం. యూనివర్సిటీకి వచ్చిన కొత్తలో ఒక క్లాసులో 'అటాక్ ఆన్ ద కానన్' అనే మాట వచ్చింది. నాకు కానన్ అంటే తెలిసింది ఒక్కటే, ఫిరంగి. నేర్పిన పద్ధతి ప్రకారం చుట్టూ చూశాను. దాడి ఉంది, రక్షణ ఉంది, పాతవాళ్లూ కొత్తవాళ్లూ అని రెండు శిబిరాలున్నాయి. ఫిరంగి అచ్చంగా సరిపోయింది! రెండు వారాలు ఆ అర్థంతోనే నోట్సు రాసుకున్నాను. అది గొప్ప సాహిత్యమని ఎంచి పెట్టుకున్న పుస్తకాల జాబితా అనీ, స్పెల్లింగులో ఒక 'ఎన్' తక్కువనీ, నేను నోరు తెరిచిన రోజు క్లాసంతా నవ్వితే తెలిసింది. నవ్వినవాళ్లు నాకంటే బాగా ఊహించగలిగినవాళ్లు కాదు. వాళ్లకు ఊహించాల్సిన అవసరమే లేదు, ఆ మాట వాళ్ల ఇళ్లల్లో భోజనాల దగ్గర తిరిగే మాట. నేను పద్ధతిని పాటించకపోవడం వల్ల దెబ్బతిన్నానని ఎవరూ అనలేరు. పాటించే దెబ్బతిన్నాను. సందర్భం నాకు అబద్ధం చెప్పింది. ఎంత ధీమాగా చెప్పిందంటే డిక్షనరీ తియ్యాలని కూడా తోచలేదు.

ఈ ఊహ సిద్ధాంతానికి పెద్ద ఊపు ఇచ్చినవాడు అమెరికన్ విద్యావేత్త కెనెత్ గుడ్‌మన్. చదవడమంటే ఒక రకమైన ఊహల ఆట అని 1967లో వ్యాసం రాశాడు. ఆయన మాట్లాడింది ముఖ్యంగా అచ్చులో ఉన్న మాటను గుర్తుపట్టడం గురించి. కానీ ఆ ధోరణి అర్థాల దాకా, అక్కణ్ణుంచి మన వర్క్‌షాపుల దాకా పాకింది. మంచి చదువరి అంటే బాగా ఊహించేవాడనే నమ్మకం స్థిరపడిపోయింది. 1980లలో కీత్ స్టానోవిచ్ దీన్ని తిరగేశాడు. మంచి చదువరికి మాట చూడగానే తెలుస్తుంది, సందర్భాన్ని పట్టుకుని వేలాడేది బలహీనంగా చదివేవాళ్లే అని చూపించాడు. 1986 నాటి వ్యాసంలో దీనికి 'మాథ్యూ ప్రభావం' అని పేరు వాడాడు. మన పేటల్లో మత్తయి సువార్త వినని ఇల్లు తక్కువ గనక దీన్ని విప్పి చెప్పక్కర్లేదు. మాటలున్నవాడు చదువుతాడు, చదివినకొద్దీ మాటలు పెరుగుతాయి. లేనివాడి దగ్గర ఉన్నది కూడా జారిపోతుంది.

ఇంకో లెక్క ఉంది. 1989లో లాఫర్ అనే పరిశోధకురాలు, పాఠంలో వందకు 95 మాటలు ముందే తెలిసి ఉంటేనే అర్థం పట్టు దొరుకుతుందని రాసింది. 2000లో హు, నేషన్ అనే ఇద్దరు దాన్ని 98కి పెంచారు. అంటే యాభై మాటలకు ఒక్కటి మాత్రమే తెలియనిదై ఉండాలి. 80 దగ్గర, అంటే ప్రతి అయిదో మాటా తెలియని చోట, వాళ్లు పరీక్షించిన వాళ్లలో ఒక్కరు కూడా పాఠాన్ని సరిగ్గా అందుకోలేకపోయారు. ఊహ అనేది 98 మాటలున్నవాడు మిగిలిన రెండిటి కోసం వాడుకునే పనిముట్టు. దాన్ని తీసుకొచ్చి 70 మాటలున్న పిల్ల చేతిలో పెట్టి, వాడుకోలేదు గనక నీకు చదివే తెలివి లేదంటున్నాం. 'ఊహించు' అనే క్రియకు కర్త ఎవరన్నది ఎవరూ అడగరు.

ఇక మా బస్తీ. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన దగ్గర్నుంచి, మాదాపూర్ నుంచి నానక్‌రాంగూడ దాకా లేచిన అద్దాల మేడల్ని కట్టిన చేతుల్లో పాలమూరు చేతులు చాలా ఉన్నాయి. గుంపు మేస్త్రి వెంట వలసొచ్చినవాళ్లు, వచ్చి మళ్లీ పోలేనివాళ్లు. ఎక్కువగా మాదిగ కుటుంబాలు, కొన్ని మాల, కొన్ని బీసీ కుటుంబాలు. మేడలు పూర్తయ్యాక ఆడవాళ్లు అదే మేడల్లో హౌస్‌కీపింగ్‌కి, తోటపనికి పోతున్నారు, మగవాళ్లు సెక్యూరిటీకి. వీళ్ల పిల్లలు నా దగ్గరికి వస్తారు. నన్ను 'అక్కా' అంటారు.

ఒకరోజు అపరిచిత గద్యం చేయిస్తున్నాను. ఈ పేరే చూడండి, అపరిచిత గద్యం! తోటమాలి ఒకాయన హెడ్జ్‌ను ప్రూన్ చేస్తున్నాడని అందులో ఒక వాక్యం. ఈ రెండు మాటలు ఎవరికీ తెలియవని, సందర్భాన్ని బట్టి ఎలా ఊహించాలో మెట్టు మెట్టుగా చూపించాలని నేను తయారై వెళ్లాను. చాక్‌పీసు తీసేలోపే ఏడో తరగతి పాప అందుకుంది. "ప్రూన్ అంటే కటింగ్ చేసుడు అక్కా. హెడ్జ్ అంటే గోడలెక్క పెంచుతరు, గా చెట్లు." ఎట్ల తెలుసు అంటే, "మా అమ్మ కంపెనీల గదే పని జేస్తది" అంది. హెడ్జ్ అనే మాట సూపర్‌వైజర్ నోటి నుంచి తల్లికి, తల్లి నుంచి పిల్లకు వచ్చింది. ఆ ఒక్క మాట తెలిసేసరికి రెండోది దానంతటదే తెరుచుకుంది.

నాకు సంతోషమేసింది. నా పద్ధతి పనిచేసిందని కూడా అనుకున్నాను. మరుసటి వారం అదే పాప ముందు ఇంకో గద్యం పెట్టాను. ముసలాయన చనిపోతాడు, విల్ రాసి పోతాడు, వారసులు దాని మీద కోర్టుకెక్కుతారు. క్లాసు మొత్తం 'విల్'ను భవిష్యత్ కాలపు 'విల్' అనుకుంది. వాక్యం కుదరకపోయినా దాన్నే పట్టుకుని ఈడ్చారు. నేను తెలుగులో 'వీలునామా' అన్నాను. అదీ తెలియదు. చచ్చిపోయే ముందు ఆస్తి ఎవరికి పోవాలో రాసే కాయితం అని చెప్పాను. వెనక నుంచి ఒక పిల్లవాడు "మాకు రాసియ్యనీకి ఏమున్నదక్కా" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. నిజంగానే అడిగాడు.

అదే పిల్లలు, అదే టీచరు, అదే పద్ధతి. ఒకచోట తాళం తీసింది, ఇంకోచోట తియ్యలేదు. ఎందుకంటే తాళం తీసింది పద్ధతి కాదు. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించిన గద్యం ఇచ్చి చూశారు. చదవడంలో వెనకబడ్డారని ముద్రపడి, ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందుండి ఆట తెలియని పిల్లల్ని దాటిపోయారు. దీన్ని మన భాషలో చెప్పుకుంటే, చదివే తెలివి అని మనం మార్కులు వేస్తున్న దాంట్లో పెద్ద భాగం ఎవరి లోకం గురించి గద్యం రాశారన్నదే. ప్రశ్నాపత్రంలో ఆస్తి గురించీ వేసవి విహారం గురించీ పియానో గురించీ గద్యాలు వస్తాయి. సెంట్రింగ్ గురించి రాదు. వస్తే ఎవరు ఫస్టు వస్తారో చూడాలని నాకు ఆశ.

ఊహ కుదరనప్పుడు మాటను ముక్కలు చేసి చూడమంటారు. ఇది రెండో మంత్రం. మా కళ్లెదుట ఉన్న బోర్డుతోనే మొదలుపెట్టాను, హైటెక్ సిటీ. పిల్లలు 'హై' అంటే ఎత్తు, 'టెక్' అంటే టెక్నాలజీ అన్నారు. హైదరాబాదులో పెద్ద చదువులు చదివినవాళ్లలో కూడా చాలామంది ఇదే అనుకుంటారు. ఆ ఇంగ్లీషు అక్షరాల్ని నిదానంగా చూస్తే 'హై' అనే మాట స్పెల్లింగే అందులో లేదు, చివర 'హెచ్' కూడా ఉండదు. అది హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీకి పొడి అక్షరాల పేరు. వినడానికి హైటెక్‌లా ఉండాలనే అట్లా కుదిర్చినట్టుంది. ముక్కలు చేస్తే మాట తప్పకుండా నిజం చెప్తుందన్న నమ్మకం ఇక్కడే ఒకసారి బెసికింది.

తెలుగు వాచకానికి వద్దాం. ఇంగ్లీషు పరాయిది, తెలుగు సొంతం అనేవాళ్లు లెక్కల పుస్తకం తెరిచి చూడాలి. 'వ్యాసం' అంటే తెలుగు క్లాసులో రాసేది, లెక్కల క్లాసులో వృత్తానికి అడ్డంగా గీసేది. 'వ్యాసార్ధం' దగ్గర మా పిల్లవాడొకడు చక్కగా విడదీశాడు, వ్యాసం ప్లస్ అర్థం, వ్యాసానికి అర్థం! ఒత్తు తేడా తప్ప విడదీయడంలో వాడి తప్పేం లేదు. ఇక్కడ జరిగింది సవర్ణదీర్ఘ సంధి అని చెప్పాలి వాడికి. (సవర్ణం అంటే ఇక్కడ ఒకే రకం అచ్చులు అని మాత్రమే అర్థం అని కూడా చెప్పాల్సొచ్చింది, ఆ మాట వాడు మీటింగుల్లో ఇంకో అర్థంలో విన్నాడు.) 'కర్ణం' అంటే మా అమ్మమ్మకు ఊరి లెక్కలు రాసిన దొర. లెక్కల పుస్తకంలో లంబకోణ త్రిభుజంలో పొడుగు గీత. 'హారం' అంటే దండ, భిన్నంలో కింద ఉండే అంకె. దానికి ఉపసర్గలు తగిలిస్తే ఆహారం, విహారం, సంహారం, పరిహారం. ఒక్కదాని నుంచి ఇంకోదాని అర్థం ఊహించండి చూద్దాం! ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే దిక్కుకు లాక్కుపోతుందని సంస్కృత వైయాకరణులే ఒప్పుకున్నారు. ఆ నలుగురిలో పరిహారం ఒక్కటి మా పిల్లలకు బాగా తెలుసు. పరంజా మీంచి పడి మనిషి పోతే దాని గురించే మాట్లాడుకుంటారు గనక. 'ఎక్స్‌గ్రేషియా' కూడా తెలుసు. లాటిన్ మాట అది. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికే నార్మన్ లూయిస్ పుస్తకం చదివి ధాతువులు పట్టి నేర్చుకోలేదు.

మన వాచకాల్లో మాటల్ని విప్పే ఇంకో అభ్యాసం ప్రకృతి - వికృతి. పదో తరగతి దాకా ప్రతి పిల్లా బట్టీ పట్టాల్సిందే. సంస్కృతం మాట ప్రకృతి, తెలుగులో నలిగి మారిన మాట వికృతి. వ్యాకరణ పరిభాషలో వికృతి అంటే మార్పు చెందిన రూపం అంతేనని పండితులంటారు. ఒప్పుకుందాం. మరి ఆ మాటకు పిల్లలు ఇంట్లో విన్న అర్థం ఏమిటి? వికారమైనది. సందర్భాన్ని బట్టి ఊహించమంటిరి గదా, ఊహించారు! విద్య ప్రకృతి, విద్దె వికృతి. భక్తి ప్రకృతి, బత్తి వికృతి. యాత్ర ప్రకృతి, జాతర వికృతి. వీళ్ల అమ్మ పలికే రూపాలన్నీ రెండో వరసలోనే ఉన్నాయి. ధర్మం ప్రకృతి, దమ్మం వికృతి. అంబేద్కర్ చివరి పుస్తకం 1957లో, ఆయన పోయాక అచ్చయింది. దాని పేరులో ఆయన ఎంచుకున్నది ధర్మం కాదు, పాలీ మాట ధమ్మ. వాచకం వికృతి వరసలో పెట్టినదానికి అక్క లాంటి మాట. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో తత్సమం, తద్భవం, దేశ్యం అయ్యాక చివరన గ్రామ్యం ఉంది. లక్షణానికి ఒదగని మాట. గిడుగు రామమూర్తి కొట్లాడి వ్యావహారికాన్ని తలుపు లోపలికి తెచ్చారు, ఆ రుణం ఉంది. కానీ లోపలికొచ్చిన వ్యావహారికం ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్న కులాలది. మా పిల్లల భాష ఇంకా గ్రామ్యం గదిలోనే ఉంది.

కంచ ఐలయ్య 1996లో వచ్చిన తన ఇంగ్లీషు పుస్తకంలో ఈ సంగతి చెప్పి ఉన్నారు. తమకు కాళిదాసు ఎంత పరాయో షేక్‌స్పియరూ అంతే పరాయి అని. ఇంగ్లీషు మీడియం చర్చలో నేను ఆ పక్షానే ఉన్నాను. ఈ వ్యాసాన్ని పట్టుకుని "చూశారా, దళితుల పిల్లలకు ఇంగ్లీషు బరువు" అని ఎవరైనా వాదిస్తే అది నా వాదం కాదు. తమ పిల్లల్ని ఎక్కడ చదివిస్తున్నారో ముందు చెప్పి అప్పుడు వాదించాలి. నా గొడవ వేరే. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు ఉన్న పుస్తకాలిచ్చారు. ఆలోచన మంచిదే. తెలియని ఇంగ్లీషు మాటకు ఎదురుగా తెలిసిన తెలుగు మాట ఉంటుందని లెక్క. 'ఫొటోసింథసిస్' అర్థం కాని పిల్ల పక్క పేజీకి తిరిగితే అక్కడ 'కిరణజన్య సంయోగక్రియ' ఉంది. ఏ పేజీ ఏ పేజీకి అర్థం చెప్పాలి? రెండూ అపరిచిత గద్యమే. 'పత్రహరితం' కొంత నయం, కూరగాయలమ్మే ఇంటి పిల్ల 'హరితం'ను హరితహారం బోర్డుల మీద చూసి ఆకుపచ్చ అని పట్టేసింది.

కొత్త మాటల బరువు మొత్తం పిల్ల మీద వెయ్యనక్కర్లేదని తెలిసినవాళ్లు ముందే ఉన్నారు. మైఖేల్ వెస్ట్ ఢాకాలో టీచర్లకు పాఠాలు చెప్తూ, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు ఎందుకు చదవలేకపోతున్నారో చూసి 1926లో పుస్తకం రాశాడు. వాచకాల్లో అరుదైన మాటలు తీసేసి వాడుక మాటలు పెట్టాలి, కొత్త మాటలు దూరం దూరంగా నాటాలి, వచ్చిన మాట మళ్లీ మళ్లీ రావాలి అన్నాడు. ఆయన తయారుచేసిన రెండు వేల మాటల జాబితా 1953లో వచ్చింది. వెస్ట్ వలస ప్రభుత్వపు ఉద్యోగే, ఆయన్ని మొయ్యనక్కర్లేదు. కానీ ఆయన పద్ధతిలో ఒక మర్యాద ఉంది. ఊహించే పని పిల్లకు పెట్టే ముందు, తగ్గించుకునే పని పుస్తకం రాసేవాడికి పెట్టాడు.

పిల్లల దగ్గర ఏ మాటలున్నాయో తెలియదనే సాకు కూడా మనకు లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. జిల్లా జిల్లా తిరిగి పనిచేసే మనుషుల నోటి నుంచి ఏరిన మాటలు. ఆ పని గొప్పది. కానీ ఆ మాటలు లైబ్రరీ అలమరాలోకి పోయాయి, వాచకంలోకి దిగలేదు. మా తాత తోలు పదును చేసేవాడు. తంగేడు చెక్క, కరక్కాయ, సున్నం, ఏది ఎప్పుడు ఎన్నాళ్లు వెయ్యాలో తెలిసినవాడు. తంగేడు చెక్కలో పనిచేసేది టానిన్ అని నాకు యూనివర్సిటీకి వచ్చాక తెలిసింది. ఆ మాట కెమిస్ట్రీ క్లాసులో మా తాత పనితో కలిసి వచ్చి ఉంటే నేను దాన్ని ఊహించాల్సిన పని ఉండేది కాదు, గుర్తుపట్టేదాన్ని.

ఇప్పుడు క్లాసులో ఏం చేస్తున్నానో చెప్తాను, ఇది పరిష్కారం అని కాదు. బ్రెజిల్‌లో 1960ల మొదట్లో పాలో ఫ్రెయిరె కూలీలకు అక్షరాలు నేర్పుతూ మొదట పెట్టిన మాటల్లో 'టిజోలో' ఒకటి, ఇటుక అని అర్థం. మా దగ్గర ఇటుకలకు కొదవ లేదు. పిల్లల్ని సైటు మాటలు తెమ్మన్నాను. ప్లాస్టరింగ్, షట్టరింగ్, వైరింగ్, వెల్డింగ్, పెయింటింగ్, ప్లంబింగ్. బోర్డు మీద రాసి తోక కత్తిరించమన్నాను. పెయింట్, పెయింటర్, పెయింటింగ్. వెల్డ్, వెల్డర్, వెల్డింగ్. ఏడాదిగా గ్రామర్ పుస్తకంతో రానిది పది నిమిషాల్లో వచ్చింది. 'సెంట్రింగ్' దగ్గర మళ్లీ బోల్తా. తోక కోస్తే 'సెంటర్' మిగిలింది, స్లాబు కింద పెట్టే చెక్కలకూ సెంటర్‌కూ ఏం సంబంధం అన్నారు. ఇదే నాకు కావాల్సింది. ముక్కలు చేస్తే ఒక్కోసారి మాట పలుకుతుంది, ఒక్కోసారి పలకదు. పలకనప్పుడు అడగాలి.

అడగడం! ఏ శిక్షణ పుస్తకంలోనూ దీన్ని ఒక పద్ధతిగా గట్టిగా చెప్పగా నేను వినలేదు, టీచరును అడగడం ఆఖరి గతి అన్నట్టే చెప్తారు. కానీ మన పిల్లలకు కష్టమైన పని ఇదే. తెలియదు అని అంటే ఎక్కణ్ణుంచి వచ్చిందో బయటపడుతుంది. నేను ఫిరంగితో రెండు వారాలు గడిపింది ఆ భయంతోనే. అందుకని పిల్లలతో రెండు రకాల గుర్తులు పెట్టిస్తున్నాను. తెలిసిన మాటకు గీత, ఊహించిన మాటకు చుక్క. చుక్క పెట్టిన ప్రతిదాన్నీ డిక్షనరీలోనో మనిషి దగ్గరో సరిచూసుకోవాలి. చుక్కలెక్కువున్న పిల్లకు తక్కువ మార్కులుండవు. ఊహించే పద్ధతులు నేర్పితే కొంత లాభముందని చూపిన పరిశోధనలున్నాయి, నేను కాదనను. నేర్పడం మానలేదు కూడా. ఆ పద్ధతి పనిచెయ్యని చోట తప్పు పిల్లది కాదని మాత్రం ముందే చెప్పి నేర్పుతున్నాను.

మొన్న ఆ హెడ్జ్ గద్యాన్ని మళ్లీ తీశాం. వెనకాల ఇచ్చిన జవాబుల్లో ప్రూన్ అంటే అక్కర్లేని కొమ్మల్ని కత్తిరించడం అని ఉంది. పాప ఒప్పుకోలేదు. "అక్కర్లేనివి గావక్కా. మంచిగనే ఉంటయి. మా అమ్మ గీ కొసకెళ్లి గా కొసకు దారం గడ్తది, దారం మీదికి ఏదొస్తే గది కోస్తది." నాకు జవాబు తోచలేదు. ఇద్దరం కలిసి డిక్షనరీ తిరగేశాం. వాళ్లమ్మ చేసే పనికి సరైన మాట ప్రూన్ కాదు, ట్రిమ్ అని తేలింది. గద్యం రాసినవాళ్లే ఒక మాటకు బదులు ఇంకో మాట వాడారు. పాప పుస్తకంలో ఆ మాట మీద ఉన్న గీతను తుడిచేసి చుక్క పెట్టింది, పక్కన ట్రిమ్ అని రాసుకుని దాని కింద గీత గీసింది.